పక్షవాతం గడిలో అంకె

మండపేట శివారు,
12-7-1999

రికార్డు సెక్షన్ శాంతికుమార్ గారికి, పల్లంరాజు నమస్కరించి రాయునది.

ఇక్కడ మూడు రోజులుగా తుంపర. నాట్లు సగం పడ్డాయి. మిగతా సగానికి కాలువ నీరు అందక ఈ రోజు కూలీలను వెనక్కి పంపేశాను.

పరీక్షలకు మీ ఆస్పత్రిలో ఉన్నప్పుడు గుండె ఆపరేషన్ల రిజిస్టరులో నా పేరు ఎక్కించారు. ఇదివరకు పక్షవాతం వచ్చిందా అని అడిగారు. రాలేదన్నాను. ఆ గడిలో మీరు సున్నా వేయడం చూశాను. అప్పట్నుంచి మనసు మనసులో లేదు. మా తూము దగ్గర నీటి వంతులు ఒకటి, రెండు, మూడు అని వేస్తారు. సున్నా ఎవరికీ వేయరు. నాకు వంతే లేదాండీ?

ఇట్లు,
పల్లంరాజు

తా.క. కంగారు పడొద్దని మాత్రం రాయకండి. కిందటేడు కాలువకి నీరు వదిలే లస్కరు కూడా అదే అన్నాడు. చేను ఎండిపోయింది.

*

రాజమండ్రి,
15-7-1999

పల్లంరాజు గారికి నమస్కారం.

అది వంతు కాదండి. ఆపరేషన్ చేయించుకునే ప్రతివారి పాత జబ్బులనూ రిజిస్టరులో అంకెలుగా రాయాలి. పక్షవాతం రాకపోతే సున్నా. వచ్చి ఒక్కరోజులో పూర్తిగా పోతే ఒకటి. వచ్చి, దాని గుర్తు మిగిలితే రెండు. మీ ఆపరేషన్ ఆగస్టు రెండు, సోమవారమే.

భవదీయుడు,
శాంతికుమార్

తా.క. ఏ అంకె వేసినా డాక్టరుగారు నిలదీసేది నన్నే.

*

మండపేట శివారు,
19-7-1999

శాంతికుమార్ గారికి నమస్కారాలు.

తుంపర ఆగింది. నీరు రాలేదు.

మీరు వంతు కాదన్నారు. నా పక్క మంచం వీరాస్వామికి ఏ అంకె వేశారో కనుక్కున్నాను. రెండట. నా తర్వాత చేరినవాడు, ఆపరేషన్ అయిపోయి ఇంటికి కూడా వెళ్లిపోయాడు. ఇంకేం చెప్పమంటారు?

నాకూ రెండు వేయండి. పక్షవాతం వచ్చింది. మొన్న మర్చిపోయాను. మాట పడిపోయింది, కాలు ఈడ్చాను. వీరాస్వామికి ఎలా వచ్చిందో నాకూ అచ్చం అలాగే.

ఇట్లు,
పల్లంరాజు

తా.క. ఇది చాలకపోతే మూతి కూడా వంకరపోయిందని రాసుకోండి.

*

రాజమండ్రి,
23-7-1999

పల్లంరాజు గారూ,

మీ ఉత్తరం చూశాక సున్నా కొట్టేసి రెండు వేశాను. మళ్లీ అదీ కొట్టేశాను.

వీరాస్వామి గారికి గుండెనొప్పి ఆగకపోవడంతో ముందుగా చేశారు, అంకె చూసి కాదు. పక్షవాతం వచ్చినవారికి ముందుగా మెడ రక్తనాళాలు స్కాన్ తీయాలి, మందులు మార్చాలి. నిజంగా వచ్చి ఉండి, మేము సున్నా అనుకుని చేస్తే బల్ల మీదే మళ్లీ రావచ్చు. వచ్చిందని తెలిసినంత మాత్రాన ఆపరేషన్ మానరు. మీ ఇంట్లోవాళ్లు ఎవరైనా నిజం రాయాలి. చాలా త్వరగా.

భవదీయుడు,
శాంతికుమార్

తా.క. మూతి సంగతి వదిలేయండి. మీ మూతి నేను చూశాను.

*

మండపేట శివారు,
29-7-1999

శాంతికుమార్ గారికి, పల్లంరాజు గారి భార్య వీరవేణి రాయునది.

పొద్దున కాలువకి నీరొచ్చింది. ఆయన చేలోకి వెళ్లారు. అందుకే ఇది రాయగలుగుతున్నాను.

మీ ఉత్తరం నా ముందు పడేసి, “రెండు వేయమని నువ్వు రాయవే. నీ మాటైతే నమ్ముతారు” అన్నారు. అలాగే రాస్తున్నాను. రెండే వేయండి.

కిందటేడు రోహిణి కార్తెలో గడ్డివాము వేయిస్తూ పడిపోయారు. సాయంత్రం దాకా మాట లేదు. ఇక్కడి డాక్టరుగారు పక్షవాతమే అన్నారు. ఆ పేరు వింటే ఇక మంచం దిగరని, వడదెబ్బ అని చెప్పాం. నమ్మారు. ఆస్పత్రిలో మీరు అడిగినప్పుడు ఆయన నా పక్కనే ఉన్నారు, నోరు విప్పలేకపోయాను. మాట వచ్చింది గానీ కుడికాలు ఇప్పటికీ కొంచెం ఈడుస్తారు. ఆ కాలి చెప్పు ముందుగా అరిగిపోతుంటే, కొట్టువాడు మోసం చేశాడని తిడతారు.

డాక్టరుగారికి చెప్పండి. ఆపరేషన్ అయ్యేదాకా ఆయనకి మాత్రం చెప్పకండి.

ఇట్లు,
వీరవేణి

తా.క. తాను మీకు అబద్ధం రాశానని ఆయన అన్నం సరిగా తినడం లేదు. పోస్టులో వేస్తే ఆలస్యమని ఈ ఉత్తరం మా తమ్ముడు లోవరాజుకి ఇచ్చాను. వాడు పది గంటల బస్సుకి బయల్దేరుతున్నాడు. మేమిద్దరం రేపు.