ఎనిమిదో చోటు

కోసిగి, సోమవారం రాత్రి

ఇవాళ పదో తరగతి పిల్లల చేత ఉప్పు పాఠం ఆడించాను. క్లోరిన్ బయటి ఎలక్ట్రాన్లుగా ఏడుగురు అమ్మాయిలు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు. ఎనిమిదో చోటు ఖాళీ. సోడియం ఇచ్చే ఎలక్ట్రాన్‌గా లక్ష్మిని అందులోకి పొమ్మన్నాను.

పక్కనున్న మరియమ్మ జరగలేదు. "ఈడ సుజాత ఉండాది మేడమ్."

సుజాత పోయిన వారమే, పరీక్షలు కూడా వదిలేసి, అమ్మానాన్నలతో మిరపకోతకు గుంటూరు వైపు వెళ్లింది. వలసపోయిన అందరి ఇళ్లలాగే వాళ్ల వాకిలికీ ముళ్లకంప అడ్డం పెట్టి ఉంది.

మరియమ్మ వేళ్లు గాలిలో దేన్నో గట్టిగా పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి. "చెయ్యి ఇడిసిపెట్టనంటాంది మేడమ్," అంది మెల్లగా.

నేనే ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విప్పి, లక్ష్మిని నిలబెట్టాను. ఎలక్ట్రాన్ చేతులు మారాక సోడియం, క్లోరిన్ ఒకదాన్నొకటి లాగుతూనే ఉంటాయని చెప్పి పాఠం ముగించాను.

సాయంత్రం సుజాత నాన్నకు ఫోన్ చేస్తే స్విచాఫ్.

ఇవాళ ఉపవాసం, పొయ్యి కూడా వెలిగించలేదు. అయినా నా కుడి అరచెయ్యి రోజంతా మిరపకాయలు కోసినట్టు మండుతోంది. ఎంత కడిగినా తగ్గడం లేదు. నేను విప్పింది మరియమ్మ వేళ్లనే అనుకున్నాను.