తాతయ్య గొడుగు కొలత

అమ్మా, నేను కులాసా. దుకాణం కట్టేసి చదువుకోమన్నావు గానీ, ఇది చదివాక ఆ మాట అనవు!

పుస్తకాలు తడవకుండా తడిగొడుగు పెట్టుకునే సంచులు కుట్టానా, కొలతకి మనింట్లో ఉన్నది తాతయ్య చేతికర్ర గొడుగొక్కటే. ఇక్కడ కాలేజీలో అందరివీ మడతగొడుగులాయె! "ఇందులో గొడుగుతోపాటు మనిషీ పడతాడు" అని నవ్విపోయారు. నిన్న అమ్ముడుపోని సంచుల మూటతో వానకి సంగీతం బడి చూరు కింద నిలబడ్డాను. వేణువు మాస్టారు ఒక సంచి తీసుకుని, తన పొడుగు వేణువు అందులోకి జార్చి, "అమ్మాయ్, కొలిచి కుట్టినట్టుందే! మా పిల్లలందరికీ కావాలి" అన్నారు. అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఇక పొడుగ్గా కనిపించిన ప్రతిదాని వెంటా పడతాను. రేపు చేపల గాలం కర్రలమ్మే కొట్టుకి, ఎల్లుండి రంగుల కుంచెలవాళ్ల దగ్గరికి!

రెయిన్‌కోటు గుడ్డ మిగిలితే పంపు. అక్క పెద్ద కత్తెర ఇస్తుందా? నాన్న దగ్గు తగ్గిందా? తాతయ్య పాత గొడుగు పారేస్తానంటున్నాడట, పారేయనివ్వకు. మా కంపెనీ కొలబద్ద అదే.

తాతయ్యకి ఒక దణ్ణం, ఆయన గొడుగుకి రెండు.

నీ చిన్నది