ఎదురెదురు తలుపులు

జూన్ 9, సోమవారం

నిన్న ఇక్కడ రాసింది తప్పు, దిద్దుతున్నాను. రమణమ్మ ఫ్లాటు వద్దన్నదని రాశాను. వద్దన్నది ఆవిడ కాదు, వాళ్ళబ్బాయి శ్రీను. ఆవిడ పక్కన కూర్చుని కాఫీ గ్లాసు తిప్పుతూ ఉంది, అంతే. ఏళ్ల తరబడి నా పక్క క్లాసులో లెక్కలు చెప్పిన మనిషి. ఆ గొంతుకి గోడ ఇవతల నా క్లాసు పిల్లలు కూడా ఎక్కాలు అందుకునేవాళ్ళు. ఇంట్లో మాత్రం — గ్లాసు తిప్పడం.

శ్రీను చెప్పిన కారణం — నేను అడ్వాన్సు ఇచ్చినదానికి ఎదురుగా మిగిలిన ఫ్లాటుది దక్షిణ ద్వారం. అమ్మకి దక్షిణం అచ్చిరాదని సిద్ధాంతి గారన్నారట. పైగా, అపార్ట్‌మెంటంటే మనకంటూ నేల ఉండదు కదత్తా...

నాకు కావలసిన నేల సమాధుల తోటలో చర్చి వాళ్ళు ఎలాగూ ఇస్తారు నాయనా, అన్నాను. ఆ తర్వాత ఎవరూ కాఫీ తాగలేదు.

జూన్ 10

సునీత ఇంకా మూతి ముడుచుకునే ఉంది. మా ఇంట్లో నీకేం తక్కువైందమ్మా... అదే పాట, పొద్దున ఒకసారి, అల్లుడు గారు వచ్చాక ఒకసారి.

ఏమీ తక్కువ కాలేదు. అదే ఇబ్బంది. కంచం ముందుకొస్తుంది, మాత్రలు చేతిలోకొస్తాయి, అల్లుడు గారి వార్తలు చెవిలోకొస్తాయి. నా తలుపుకి నేను గడియ పెట్టుకోవాలి. పెట్టుకుని, బుద్ధి పుట్టినప్పుడు నేనే తీయాలి. కన్న కూతురికి ఇది ఎలా చెప్పినా తప్పుగానే వినబడుతుంది. చెప్పడం మానేశాను.

జూన్ 11

సైటు ఆఫీసులో చాలాసేపు కూర్చున్నాను. బిల్డరు బావమరిది అప్పలరాజు ఫ్యాను నా వైపు తిప్పాడు. భయమో, మర్యాదో.

ఫ్లాటు కొనేవాళ్ళని చూస్తుంటే పొద్దే తెలియదు. ఏజెన్సీ కొండల్లో పనిచేసే మొగుడూ పెళ్ళాలు, ఇద్దరూ టీచర్లే — శనివారం కొండ దిగి సోమవారం ఎక్కేస్తారు. ఫ్లాటైతే తాళం వేసి పోవచ్చట. ఇల్లు కొంటున్నది తాళం వేయడానికి. ఇంకొకావిడ వంటగదీ చూడలేదు, పడకగదీ చూడలేదు. లిఫ్టు లేని బ్లాకు ఏదైనా ఉందా అని మెల్లగా అడిగింది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులట. నేను కిటికీలోంచి బయటికి చూశాను, నవ్వితే బాగుండదని.

నాతవరం నుంచి ఒక రైతు వచ్చాడు. ఎవరుంటారు బాబూ ఇందులో అంటే — "ఎవలూ ఉండరమ్మా. పెళ్లి మాటలకెళితే టౌన్లో ఫ్లాటుందా అని ఆడపిల్లోళ్లు అడుగుతున్నారు. ఉందని సెప్పుకోవాలి కదా."

ఇన్ని కారణాల మధ్య మా ఇద్దరిదీ మరీ చిన్న కారణం. పొద్దున్నే తలుపు తీస్తే ఎదురు తలుపులోంచి రమణమ్మ మొహం కనబడాలి.

జూన్ 12

వాన. సైటు ముందు మడమ లోతు బురద. మూడో అంతస్తులో బురద ఉండదు — శ్రీనుకి చెప్పవలసిన జవాబు ఇప్పటికి తట్టింది. ఏం లాభం.

జూన్ 13

రైతు బజారులో రమణమ్మ. బెండకాయల తొడిమలు విరిచి చూస్తూ, తలెత్తకుండా —

"వదినా, నీకు ఉత్తర ద్వారం ఎందుకు? నువ్వేటి, వాస్తు సూస్తావా?"

చూడను. ఎందుకు తీసుకున్నానో ఆవిడకి తెలుసు, ఆ రోజు నా పక్కనే ఉంది. ఆ అంతస్తులో రెండూ ఖాళీగానే ఉన్నాయి. నేను నోరు తెరవకముందే అప్పలరాజు — సౌత్ ఫేసింగులు మీ చర్చివోళ్లకనే ఉంచుతామండి, మీకు పట్టింపులుండవు కదా... పట్టింపు లేదు, నిజమే. కానీ మిగిలినది మాకని వాడెవడు చెప్పడానికి? నాకు ఉత్తరం ఫ్లాటే రాయి అన్నాను. సమరం గెలిచినట్టు ఇంటికొచ్చాను. గెలిచినదాని ఫలితం ఇప్పుడు బెండకాయలు ఏరుతోంది.

నీకెందుకు ఫ్లాటు, అసలు కారణం చెప్పు అన్నాను. వాకిలి అంది. రావికమతంలో పుట్టింటి వాకిలి, ఇక్కడ అత్తగారి వాకిలి, ఇప్పుడు కొడుకు వాకిలి. ఊడ్చి, కళ్ళాపి జల్లి, ముగ్గు పెట్టి నడుం ఒంగిపోయింది. కోడలు చేస్తానన్నా శ్రీనుకి అమ్మ ముగ్గే కావాలట. "వాకిలి నేని ఇల్లు కావాలి వదినా." అంతే అంది. బెండకాయలు ముదురని అక్కడే వదిలేసింది.

జూన్ 14

అప్పలరాజుతో మాట్లాడాను. దక్షిణం నేను తీసుకుంటే ఉత్తరం రమణమ్మ పేర రాస్తాడు. ఇప్పుడే మార్చేద్దామండీ అని పెన్ను క్యాప్ తీశాడు. మొహం వెలిగిపోతోంది. మీ చర్చివోళ్లు అనబోయి నా వైపు చూసి ఆపుకున్నాడు. ఆ మాత్రం చదువు వచ్చింది.

రమణమ్మతో చెప్పి వస్తాను, క్యాప్ పెట్టు అన్నాను.

జూన్ 15, ఆదివారం

ఆరాధన. అయ్యగారి ప్రసంగం పొడుగు. తగ్గింపు గురించి, తన్ను తాను తగ్గించుకున్నవాడే హెచ్చించబడతాడని. నన్నే చూస్తూ చెప్పినట్టుంది.

మధ్యాహ్నం రమణమ్మ ఇంటికి వెళ్లాను. శ్రీను లేడు. దక్షిణం నేను తీసుకుంటానన్నాను. సంతోషిస్తుందనుకున్నాను.

"మార్సకు వదినా."

ఎందుకే అన్నాను. కొంగుతో చేతులు తుడుచుకుని, క్లాసులో మాట్లాడే గొంతుతో చెప్పింది. "నువ్వు మారిస్తే మావోడు సరేనంటాడు. ఆడు సరేనన్నాడు కాబట్టి నేనెళ్ళినట్టవుద్ది. నా పింఛనుతో కొనుక్కుంటూ ఆడి దయ మీద ఉన్నట్టు. ఆ దక్షిణమే అడుగుతాను. నేనే అడుగుతాను."

ఎప్పుడు అన్నాను.

"ఇడ్లీ పెట్టినప్పుడు. తింటుంటే లేచిపోలేడు."

ఇంటికి నడిచొస్తూ నవ్వుకున్నాను.

జూన్ 16

రోలుగుంట వాళ్ళెవరో ఆ దక్షిణం ఫ్లాటు చూసి వెళ్లారట. వాళ్ళూ చర్చి వాళ్ళే. రేపు సాయంత్రం అడ్వాన్సు తెస్తామన్నారట. అప్పలరాజు ఫోనులో ఈ మాట చెప్పడానికి ఎన్ని వినయాలు పోయాడో. రేపు సాయంత్రం దాకా ఎవరి దగ్గరా చేయి చాపకు అన్నాను.

రమణమ్మకి చెప్పాను. ఊఁ అంది. ఈ రోజు ఇంట్లో ఇడ్లీ కాదట, ఉప్మా.

నేను ఉత్తరం వదులుకోగలను. అది తేలిక. నోరు మూసుకోవడమే కష్టంగా ఉంది.

జూన్ 17

పొద్దున్నే ఫోన్. రమణమ్మ, గుసగుసగా — "ఆడు కూసున్నాడు. పెట్టేశాను. ఫోన్ ఇక్కడే బల్ల మీద పెడతాను, నువ్వు కట్ సెయ్యకు. నువ్వు ఇంటన్నావంటే నాకు ధైర్యం."

చెవికి ఆనించుకుని కూర్చున్నాను. కంచం చప్పుడు. మిక్సీ ఆగింది. చట్నీ ఇంకొంచెం వెయ్యమ్మా... గరిట చప్పుడు. కోడలు ఏదో అంది, వినబడలేదు. అడగదేమో అనుకున్నాను.

"శ్రీనూ."

గోడ అవతల ఎక్కాలు చెప్పిన గొంతు. అదే.

"ఒక మాట సెప్తాను, తింటూ ఇను."

అక్కడ నేనే కట్ చేశాను. నేను వినకుండానే చెప్పగలదు.

తిరిగి ఫోన్ రాలేదు. నేను చెయ్యలేదు. సునీత రెండుసార్లు తొంగి చూసింది — ఎవరి ఫోన్ కోసమమ్మా? ఎవరిదీ కాదన్నాను. కాఫీ తెచ్చి పెట్టింది. తాగాను.

ఎండ తగ్గాక సైటుకి వెళ్లాలి. అల్లుడు గారి డ్రాయరులోంచి కొలతల టేపు తీసుకోవాలి, అడిగి తీసుకోవాలి. మూడో అంతస్తులో రెండు తలుపుల మధ్య కారిడార్ వెడల్పు కొలవాలి. చెప్పుల స్టాండు ఒకటి చాలు, ఇద్దరికీ కలిపి. రెండు తలుపులూ పూర్తిగా తెరుచుకునేంత చోటు వదిలి చూసుకోవాలి.