బందెలదొడ్డిలో నా మాట

మార్కాపురం ఇంటర్నెట్ ఆఫీసు మేడం సుస్మిత గారికి, గుట్టకిందపల్లె గొర్రెల లక్ష్మీనరసయ్య నమస్కరించి రాయునది.

నా రాత కోడి గెలికినట్లుంటుంది. అయిదో తరగతి చదువు. తప్పులు దిద్దుకొని చదవండి. ఫోనులో అడగడానికి నాకు నోరు రాదు.

గొర్రెల దొడ్డి కాడి కెమెరాలో బొమ్మ ఆగి ఆగి వస్తుందంటే మీ జయపాల్ వచ్చినాడు. వీధి స్తంభం కాడ తీగకు లాప్‌టాప్ తగిలించి, గంటసేపు అందులో పోయేదంతా పట్టినాడు. "ఏంది నాయనా అది?" అంటే, "ఈ పట్టినదాంట్లో నుంచి బొమ్మా మాటా మళ్లీ ఆడించొచ్చు తాతా" అన్నాడు.

ఆ గంటలోనే, దొడ్డి కాడ ఆ కెమెరా ముందరే, నా భార్య రాఘవమ్మ అలిగి త్రిపురాంతకంలో తమ్ముడింటికి పోయింది. నేను "పో" అన్నానంట. నేను "పోవొద్దు" అన్నాను. పన్నెండు రోజులైంది.

నా మాట మీ కాడ చిక్కింది. చేలో పడ్డ గొర్రెను బందెలదొడ్డి నుంచి విడిపించుకున్నట్లు జరిమానా కట్టి తెచ్చుకుంటాను.

ఇట్లు,
లక్ష్మీనరసయ్య

తా.క.: గొర్రెలు కూడా అరిచి ఉంటాయి. వాటికి వేరే జరిమానా వేయొద్దు.

*

లక్ష్మీనరసయ్య గారికి నమస్కారం.

జరిమానా లేదు. మీ కెమెరా పంపే బొమ్మా మాటా చిన్న చిన్న ముక్కలుగా తీగలో పోతాయి. వాటిని పరాయివాళ్లు చూడకుండా వేసే తాళం లేదు. కాబట్టి జయపాల్ పట్టిన ముక్కలను వరుసగా పేరిస్తే మళ్లీ చూడవచ్చు, వినవచ్చు. మీకిచ్చేది నకలు. అసలు ఇక్కడే ఉంటుంది, నెలాఖరుకు చెరిపేస్తాం. అందులో ఇద్దరి గొంతులున్నాయి గనుక ఇద్దరి సంతకాలూ కావాలి.

ఇట్లు,
సుస్మిత, ఇంజనీరు

తా.క.: కెమెరాకు వెంటనే తాళం వేయించుకోండి.

*

సుస్మిత మేడం గారికి లక్ష్మీనరసయ్య నమస్కారాలు.

ఒకే గొర్రె మీ దొడ్లోనూ నా దొడ్లోనూ ఎట్లుంటుంది? రెండిట్లో నాది ఏదో చెవికి గుర్తు పెట్టండి.

సంతకం కావాలని కబురంపితే బామ్మర్ది రంగనాయకులు ఫోను చేసినాడు. "ఏంది బావా, పెళ్లాం మీద కేసు పెట్టి గొర్రెల్తో సాక్ష్యం చెప్పిస్తావా?" అని అరిచినాడు. ఫోను పెట్టేసినాను. ఒప్పుకున్నాడని ఊరంతా చెప్పినాడు.

నా సంతకం కింద ఉంది. ముందు ఆమెకే వినిపించండి. నాకు భయం లేదు.

ఇట్లు,
లక్ష్మీనరసయ్య

తా.క.: కెమెరాను రేకు పెట్టెలో పెట్టి తాళం వేసినాను. ఇప్పుడేమీ కనపడదు. చాలా భద్రం.

*

లక్ష్మీనరసయ్య గారికి నమస్కారం.

నిన్న రాఘవమ్మ గారు తమ్ముడితో వచ్చి, సంతకం చేసి, ఆ గంటసేపటిదీ మొత్తం విన్నారు. అందులో "పో" లేదు. "పోవొద్దు" కూడా లేదు. నలభై నిమిషాలు ఆమె మాట్లాడారు. మీరు ఒక్క మాటా అనలేదు. "ఉలకడు పలకడు, ఇంక పొమ్మనేగా?" అని ఆమె సంచి తీసుకొని వెళ్లారు.

తర్వాత మీరు గొర్రెపిల్లను ఎత్తుకున్నారు. "ఆమె పోతాంది. నువ్వన్నా అడ్డం పోరాదా? ఆమె లేకుంటే ఈ ఇంట్లో నాకేముందే? నాకు నోరు రాకపాయె" అన్నారు.

అది ఆమె మూడుసార్లు పెట్టించుకున్నారు. మూడోసారి తమ్ముణ్ణి బయటికి పొమ్మన్నారు.

ఇట్లు,
సుస్మిత

తా.క.: బొమ్మ ఎందుకు ఆగుతుందో కూడా అందులోనే కనిపించింది. ఆ గొర్రెపిల్లే తీగ నములుతోంది.

*

సుస్మిత మేడం గారికి లక్ష్మీనరసయ్య నమస్కరించి రాయునది.

"పోవొద్దు" అన్నాననే నమ్మినాను మేడం. లోపల అన్నది బయటికి వచ్చిందనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం బస్సుకు రాఘవమ్మ వచ్చింది. "పిల్లతో చెప్పింది నాతో చెప్పు" అన్నది. నిలబడినాను. నోరు రాలేదు. ఆమె పోయి ఆ గొర్రెపిల్లను తెచ్చి, ఒళ్లో పెట్టుకొని నా ఎదురుగా కూర్చుంది. "సరే, దానికే చెప్పు" అన్నది.

చెప్పినాను.

ఒకే మాట రెండు చోట్ల ఎట్లుంటుందో, ఆ నకలు సంగతి ఇప్పుడు తెలిసింది. మీ కాడిది చెరిపేయండి, నాకు సిగ్గు. నకలు ఒకటి మాత్రం తన ఫోనుకు పంపమంటోంది రాఘవమ్మ. ఎప్పుడు వింటుందో నాకు చెప్పొద్దని ఆమెకు మీరైనా చెప్పండి.

ఇట్లు,
లక్ష్మీనరసయ్య

తా.క.: కెమెరా మళ్లీ చీకటిగా ఉంటే చెడిపోయిందనుకోవద్దు. ఈసారి పెట్టెకు తాళం రాఘవమ్మే వేసింది. తాళంచెవి ఆమె బొడ్లో ఉంది. జయపాల్‌ను పంపొద్దు. చెరిపినారో లేదో మాత్రం తొందరగా జవాబు రాయండి.