పిగిలిపిట్టలకు కట్టిన కొవ్వు

ఓర్వకల్లు, 1954 డిసెంబరు, ఆదివారం రాత్రి

ఈరోజు మామ సంవత్సరీకం. అత్త మిద్దె మీద విస్తరాకులో అన్నం పెట్టి, కాకులను పిలిచి పిలిచి గొంతు బొంగురు చేసుకుంది. ఒక్కటీ దిగలేదు. అన్నీ కింద వేపచెట్టు మీదే ఉన్నాయి, నేను పిగిలిపిట్టల కోసం కట్టిన పొట్టేలు కొవ్వు చుట్టూ. వానల్లేక పురుగూ పుట్రా దొరకని ఏడు కదా అని కడుతున్నాను. రోజూ అయితే కాకులను కట్టెతో అదిలిస్తాను. ఈరోజు కాకిని ఎట్లా తోలేది?

మామకు ఏ కోరిక మిగిలిపోయిందోనని అత్త ఏడుస్తుందని, చివరికి తప్పు నా కొవ్వు మీదికి వస్తుందని భయపడ్డాను. అత్త పిట్టగోడ మీది నుంచి వంగి చూసింది.

"యాడికీ పోలేదులేమ్మే, ఆడనే ఉండాడు మీ మామ. కొవ్వు ముక్క నోట్లో పడందే అన్నం ముట్టినాడా ఎప్పుడన్నా?"

వచ్చిన చుట్టాలంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ కొవ్వు ఇక మామదైపోయినట్టే. రేపటి నుంచి నా పిట్టల గతేమిటి?

సాయంత్రం అత్త ఇంకో ముక్క తెచ్చి, దొడ్డి గోడ మీది రేగుకంపలో, కాకి దూరలేని సందు చూసి కట్టింది.

"ఇది నీ పిట్టలకు. మీ మామ ఎవురికీ మిగిల్చే మనిషి కాదు."

ఇన్నేళ్లూ తన ముక్క ఏ కంపలో దాచుకుందో అడగాలనిపించింది. అసలు దాచుకుందో లేదో...