కట్టు కట్టిన కాలు

పాస్టరు దైవాశీర్వాదం గారికి వందనాలు.

మా మనవడు సుందర్ ఈ అమెరికాలో చేత్తో బంతి పట్టుకుని ఆడే ఫుట్‌బాల్‌లో జూనియర్ కాలేజీ ఫైనల్ గెలిపించాడని ఆదివారం ప్రార్థనలో వాణ్ణి నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తానన్నారట. వద్దు.

అవతలి జట్టులో బంతి పట్టుకుని పరిగెత్తే పిల్లోడి మోకాలికి అప్పటికే కట్టుంది. "ఆ కట్టుకాలే విరగ్గొట్టరా!" అని తెలుగులో అరిచింది నేనే. అంత జనంలో సుందర్ ఒక్కడికే అర్థమైంది. వెళ్ళి హెల్మెట్ పెట్టుకున్న తలతో ఆ కాలినే గుద్దాడు. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. నేను లేచి ఈలేశాను.

"తాతా, నువ్ చెప్పావ్, నేను చేశాను" అన్నాడు ఇంటికొచ్చాక. మూడు రోజులుగా వాడు అన్నం ముట్టలేదు.

చెడుగుడు ఆడిన రోజుల్లో నేనెవరికీ తల వంచలేదు. ఇప్పుడు నన్ను ఆ పిల్లోడి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. నాకు ఇంగ్లీషు రాదు, ఆ రోజు నేనరిచింది అరిచినట్టే మీరు ఇంగ్లీషులో చెప్పండి. మెత్తగా మార్చారంటే, ఆ పిల్లోడి మొహం చూసి కనిపెట్టేస్తాను.