అలుగు అంటే చెరువు అలుగు కాదు

తేది: 17-11-2025, సోమవారం

జిల్లా అటవీ అధికారి గారి సముఖమునకు,
కొండగెడ్డవలస గ్రామ కాపురస్తురాలు, కీ.శే. లెంక అప్పలస్వామి గారి భార్య లెంక లక్ష్మణమ్మ, వయస్సు 71, స్వయంగా రాసి స్వయంగా తెచ్చి ఇచ్చుకొను అర్జీ.

విషయం: ఒంటినిండా పొలుసులుండే అలుగు అను అడవి జంతువును, దాని పిల్లను నా పశువులశాలలో దాచి ఉంచినందున, ఎల్లుండి బుధవారం వాటిని జిల్లా దాటించనున్నందున, ఈ పనిలో నా మనవడు కూడా ఉన్నందున, తక్షణ చర్య కోరుట గురించి.

సూచిక: 06-10-2025న గ్రీవెన్సులో నేను ఇచ్చిన అర్జీ. అది పరిష్కారమైనట్లు సందేశం వచ్చినది. పరిష్కారం కాలేదు.

అయ్యా,

ఈ అర్జీ ఈరోజే ఎందుకంటే, బుధవారం తరువాత ఇది రాసినా ఉపయోగం ఉండదు. మళ్లీ గ్రీవెన్సులో ఎందుకు ఇవ్వలేదో మూడవ అంశంలో రాశాను. దయచేసి వరుస తప్పకుండా చదవవలెను.

1. కొండ దిగువన నాకు రెండెకరాల జీడితోట ఉన్నది. దానికి కాపలా సోములు. గత సెప్టెంబరులో అతను వచ్చి, తోట గట్టున చెదపుట్టలు తవ్వుకొని తినే అలుగు ఒకటి తోక మీద పిల్లను ఎక్కించుకొని తిరుగుతోందని, దాని బొరియ కోసం ఎవరో గునపాలతో గోతులు తీస్తున్నారని చెప్పాడు. నేను వెళ్లి చూశాను. గోతులు నిజమే. నక్కల కోసమో దుంపల కోసమో తీసినవి కావు. ప్రతి గోతి నోటి దగ్గర పొగ పెట్టిన బూడిద ఉంది.

2. ఆ సంగతిని అక్టోబరులో గ్రీవెన్సులో అర్జీగా ఇచ్చాను. "మా తోటలోని అలుగును కొందరు తవ్వి తీసుకుపోవుచున్నారు" అని రాశాను. ఆ వాక్యంలో తప్పు లేదని ఇప్పటికీ నా అభిప్రాయం. కాని చెరువు నిండినప్పుడు మిగులు నీరు పొర్లిపోయే కట్టును కూడా ఆఫీసు భాషలో అలుగు అంటారు. నా కాగితం అటవీశాఖకు రాకుండా నీళ్ల వారికి వెళ్లింది.

వారం తిరగకుండా ఒక యువ ఇంజనీరు వచ్చి, మా ఊరి చెరువు గట్టెక్కి, టేపు పట్టి కొలిచి, నన్ను ఆ కట్టు పక్కన నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు. నేను రాసింది జంతువు గురించి అని చెప్పాను. ఆయన మర్యాదస్థుడే. "అమ్మా, నా పరిధిలో అలుగు ఇదొక్కటే. దీనికి పగుళ్లు లేవు. జంతువుకు నేను రిపోర్టు రాయలేను" అన్నాడు. రాయగలిగినది రాసుకొని వెళ్లిపోయాడు. "అలుగు పటిష్ఠముగా ఉన్నది. అర్జీ పరిష్కరించడమైనది" అని సందేశం వచ్చింది.

3. ఆ సందేశం నా ఫోనుకు రాలేదు. నా ఆధార్‌కు జతచేసిన నంబరు నా మనవడు త్రినాథ్‌ది. వాడు నా పెద్ద కుమారుని కొడుకు, వయస్సు 23, గూడ్సు ఆటో నడుపుతాడు. వాడి తల్లిదండ్రులు భోగాపురం దగ్గర టిఫిను బండి పెట్టుకొని అక్కడే ఉంటారు. వాడు నా దగ్గర ఉంటాడు. నేను అర్జీ పెట్టిన సంగతి ఊళ్లో అందరికంటే ముందు తెలిసింది వాడికే. వాడి ద్వారా ఎవరికి తెలిసిందో కింది అంశంలో ఉన్నది.

4. ఆ తరువాత ఒక మధ్యాహ్నం, తెల్లచొక్కా వేసుకున్న మనిషి ఒకడు మా అరుగు మీద కూర్చొని మంచినీళ్లు అడిగాడు. పేరు చెప్పలేదు. మాట మాత్రం మన వైపుదే. నీళ్లు తాగి, చెంబు బోర్లించి, నవ్వుతూ అన్నాడు: "మామ్మగోరూ, అలుగు బాగానే ఉన్నాదంట కదా. కాయితం కూడా వచ్చీసింది. ఇంకేటి బెంగ?"

చెరువు గురించి అడుగుతున్నాడేమో అనుకొని నేను చెంబు తీసుకోబోతుండగా లేచి నిలబడ్డాడు. "మేం కూడా సూసాం. బాగానే ఉన్నాది. బతికే ఉన్నాది" అని వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే తోటలో సోములు పాక కాలిపోయింది. పొయ్యి నిప్పు అంటుకుందన్నారు. సోములు ఆరోజు తన అక్క ఇంట్లో భోజనం చేశాడు. పొయ్యి వెలిగించలేదు. అప్పటినుంచి అతను తోట వైపు రావడం లేదు. నన్ను చూసినా పక్క సందులోకి తిరుగుతున్నాడు. అతనిని నేను తప్పుపట్టను.

5. మా ఇంట్లో ఒక పెద్ద ఇత్తడి గుండిగ ఉన్నది. ఊళ్లో ఎవరింట భోజనాలున్నా పప్పు అందులోనే ఉడుకుతుంది. ఎవరు తీసుకెళ్లారో వంటింటి గోడ మీద సుద్దముక్కతో రాస్తాను. చింతపండుతో తోమి తెచ్చి ఇచ్చాక చెరిపేస్తాను. ఈ నెల మొదట్లో త్రినాథ్ స్నేహితుని ఇంట శుభకార్యం అని దానిని తీసుకెళ్లాడు. తోమకుండానే తెచ్చాడు. కడియం సందున ఏదో ఇరుక్కొని ఉంటే పుల్లతో తీశాను. బొటనవేలి గోరు కంటే పెద్దది, గోధుమరంగు, గోరులాగే గట్టిది. నిప్పుకు చూపితే జుట్టు కాలిన కంపు వచ్చింది. అలుగును చంపి, మరిగే నీళ్లలో ముంచి పొలుసు ఒలుస్తారని సోములు చెప్పి ఉన్నాడు. శుభకార్యం ఏమిటో నాకు అర్థమైంది. ఆ పొలుసును ఈ అర్జీకి జతపరిచాను.

గోడ మీద త్రినాథ్ పేరు నేను చెరపలేదు.

6. మొన్న శనివారం నా రుబ్బురోలు పొత్రం కనిపించలేదు. వెతుక్కుంటూ పశువులశాలకు వెళ్తే, మూలనున్న నీలం డ్రమ్ము మూత మీద బరువుగా ఉన్నది. లోపల గోళ్లతో గీకుతున్న చప్పుడు. మూత ఎత్తి చూశాను. గుండిగలో ముంచినది వేరొక అలుగన్నమాట; ఇది తల్లి, బంతిలాగ చుట్టుకొని ఉన్నది. దాని కడుపు దగ్గర, ఆ చుట్ట లోపల, పిల్ల ముక్కు మాత్రం కనిపిస్తోంది. ఇంతలో త్రినాథ్ వచ్చాడు.

"ఇదేటిరా?" అని అడిగాను.

"సూడనట్టు ఊరుకో మామ్మా. బుధవారం వొచ్చి అట్టుకుపోతారు. ఆ తరవాత దీనికీ మనకీ ఏ సంబంధం లేదు."

"ఈలోగా సచ్చిపోతేనో?"

వాడు నా మొహం చూడలేదు. "సచ్చిపోతే పొలుసు తీసి ఇచ్చెయ్యమన్నారు. నానిప్పుడు ఒద్దంటే ఊరుకోరు మామ్మా. సోములు పాక సూసావు కదా. ఇది మన ఇల్లు."

వాడు బెదిరించలేదు. భయపడి చెప్పాడు. ఆ తేడా తమరు దయచేసి గమనించవలెను.

7. అది చీమలూ చెదలూ తప్ప వేరేమీ తినదు. నేను ఒక చెదపుట్ట పెళ్ల తెచ్చి డ్రమ్ములో వేశాను. ముట్టలేదు. పిల్ల నిన్నటినుంచి కదలడం తగ్గించింది. విడిచిపెట్టరాదా అని తమరు అడగవచ్చు. బొరియల జాడ వాళ్లకు నా కంటే బాగా తెలుసు. విడిచిన సాయంత్రమే మళ్లీ తవ్వుతారు. ఆపైన నా మనవడి సంగతి చూస్తారు.

8. చట్టం నేను చదివాను. వన్యప్రాణి రక్షణ చట్టంలో అలుగు మొదటి షెడ్యూలులో ఉన్నది. పట్టుకోవడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే. శిక్ష మూడేళ్లకు తగ్గదు. శాల నాది, డ్రమ్ము నాది, గుండిగ నాది. అందుచేత ముద్దాయిల జాబితాలో నా పేరు కూడా రాసుకోవలెను. త్రినాథ్ పేరు రాయడానికి ఈ ఉదయం బస్సులో కలం తీసి రెండుసార్లు మూత పెట్టేశాను. మూడోసారి రాశాను. లోపల ఉంటే బతికి ఉంటాడు. బయట ఉంటే ఆ తెల్లచొక్కా మనిషి చేతిలో ఉంటాడు.

9. మా ఊరి పిల్లలకు ఫోన్లలో ఏవో వీడియోలు వస్తున్నాయి. బతికున్న అలుగుకు కోట్లు ఇస్తారట, పొలుసు సర్వరోగాలకు మందట. గోరు కొరుక్కుంటే ఎంత మందో అదీ అంతేనని ఎవరూ వాళ్లకు చెప్పడం లేదు. శృంగవరపుకోట సంతలో పురుగుమందుకు బోర్డులున్నాయి, దీనికి ఒక్కటి లేదు. చెప్పవలసిన వేళ చెప్పి ఉంటే, పట్టుకోవలసిన వేళ ఇంత దూరం వచ్చేది కాదు.

కావున జరగవలసినవి, ఇదే వరుసలో:

(1) ఈరోజే, చీకటి పడకముందే, పశువైద్యునితో సహా తమ సిబ్బంది నా ఇంటికి రావలెను. యూనిఫారంలో వద్దు. శాల దారి ఇంటి వెనుక ఉన్నది.

(2) తల్లినీ పిల్లనూ విడదీయకుండా తీసుకుపోయి, మా కొండ మీద కాక వేరే అడవిలో విడవవలెను.

(3) త్రినాథ్‌ను అమ్మకం జరగకముందే అదుపులోకి తీసుకోవలెను. కొట్టరాదు. అడిగితే చెప్తాడు.

(4) బుధవారం వచ్చే బండి కోసం ఖాళీ డ్రమ్మును అక్కడే ఉంచి, మూత మీద పొత్రం పెట్టి, తమవారు కాపు కాయవలెను.

(5) సోములు పేరు ఏ కాగితంలోనూ బయటకు రాకూడదు. నా పేరు వచ్చినా ఫరవాలేదు.

(6) ఈ అర్జీని కంప్యూటరులో ఎక్కించరాదు. ఎక్కిస్తే సందేశం ఎవరి ఫోనుకు వెళ్తుందో తమకు తెలుసు.

(7) ఇకమీదట ఎవరైనా అలుగు అని రాస్తే, ఏ అలుగు అని ఒక్కమాట అడగవలెను.

చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
లెంక లక్ష్మణమ్మ

జతపరచినది: పొలుసు ఒకటి.

తా.క.: ఇది ముగించి తమ వరండాలో కూర్చొని ఉండగా మా పక్కింటి జగ్గమ్మ నా బటన్ ఫోనుకు చేసింది. ఆమెకు ఏమీ తెలియదు. "ఒదినా, మీ తినాదు గుండిగ ఆటోలోకి ఎక్కిస్తన్నాడు. ఎవులింట్లో బోజనాలు? నాకు సెప్పనేదేటి?" అని అడిగింది.

నేను ఎవరికీ ఇవ్వలేదు. అయ్యా, పైన కోరినవాటిలో మొదటిదానికి చీకటి పడే వరకు ఆగవద్దు.